సిస్టర్ కొలంబాకు మిగిలిన భాష

సౌజన్య ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో ప్రెస్ ఖాళీ చేసి అరలు తుడుస్తున్నాను. అల్మారాను ఇక్కడ ప్రెస్ అంటారు. ఈ ఐరిష్ వాళ్ళ దేశం వచ్చిన కొత్తలో ఆ మాట వింటే ఇస్త్రీ గుర్తొచ్చేది, ఇప్పుడు నాకూ అదే నోటికొస్తోంది. సౌజన్యది వరంగల్ దగ్గర ఏదో ఊరు. కాజిల్‌బార్ పొలిమేరలో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేస్తోంది. పండగలకీ పబ్బాలకీ మా ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది. మామూలుగా అయితే ముందు "తిన్నరా ఆంటీ" అని అడిగితే గాని మాట మొదలుపెట్టదు. ఆ రోజు నేరుగా విషయంలోకి వచ్చింది.

"ఆంటీ, మీరు పెండ్లికి ముందు ఆఫ్రికాల టీచర్‌గ చేసిన్రు గదా. మా దగ్గర ఒక ముసలి సిస్టరున్నది. ఏం మాట్లాడ్తుందో ఎవ్వరికి సమజైతలేదు. ఇన్ని రోజులు అది ఐరిష్ అనుకున్నం. మొన్న ఐరిష్ మాట్లాడే కానమారా దిక్కు నుంచి ఒకాయన వాళ్ళమ్మను చూడనీకొస్తే అడిగినం. ఇది ఐరిష్ కాదన్నడు. ఆమె ఆఫ్రికాల శానా యేండ్లున్నదట. మీరొక్కసారి వచ్చి చూస్తరా?"

"ఆఫ్రికా అంటే ఒక్క భాషేంటి తల్లీ? వందలుంటాయి," అన్నాను. "ఏమంటుందో ఒక్క మాట చెప్పు, చూద్దాం."

"తియ్యే, తియ్యే అంటది ఆంటీ. మస్తు తొందర పడ్తది. పొద్దుమీకే యాళ్ళకు కుర్చీల నుంచి లేచి పోతనంటది. పోయిన వారం కింద పడ్డది గూడ. ఇంకోసారి పడితే ఇక్కడ ఉంచుకోరంట, తలుపులకు తాళాలుండే దిక్కు పంపిస్తరంట."

చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. తియ్యే అంటే చిచేవా భాషలో పోదాం పద అని. మలావీ కొండల్లో పిల్లలు బడి వదిలాక ఒకరి చెయ్యి ఒకరు లాగుతూ అనే మాట. ఆ మాట విని నాకు ఎన్నేళ్ళయిందో! "ఆమె పేరేమిటి?" అని అడిగాను గాని, నాకు అప్పటికే తెలిసిపోయినట్టనిపించింది. మా ఈ మేయో జిల్లా నుంచి మలావీ వెళ్ళి ఆ భాష ఇంట్లో భాషలా మాట్లాడే నన్‌లు ఎంతమంది ఉంటారు?

"సిస్టర్ కొలంబా," అంది సౌజన్య.

మా ఆయనకు కాజిల్‌బార్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున నాకు మొట్టమొదట గుర్తొచ్చింది మలావీలో మా బడి నడిపిన ఆవిడే. వచ్చిన కొత్తలో చర్చిలో వాకబు చేస్తే, ఆవిడ ఇంకా అక్కడే ఉంది, ఆ మట్టిలోనే కలుస్తానంటోంది అని చెప్పారు. అలాగే కలిసిందనుకున్నాను. తీరా చూస్తే నేను బజారుకు వెళ్ళే దారికి కూతవేటు దూరంలో, ఒక కిటికీ పక్క కుర్చీలో, ఎవరికీ అర్థంకాని భాష మాట్లాడుతూ కూర్చుని ఉంది.

నేను గుంటూరులో బి.ఎడ్ పూర్తిచేసి, కాన్వెంటు బడిలో లెక్కలు చెబుతున్న రోజుల్లో, ఆ కాన్వెంటు నడిపే సిస్టర్లే మలావీలో ఒక పల్లెటూరి బడికి లెక్కల టీచరు కావాలని అడిగారు. జీతం లేదు, తిండీ బసా మాత్రం ఇస్తారు. మా నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం అటుకుల డబ్బా, కందిపొడి, గోంగూర పచ్చడి సర్దిపెట్టి, "పులులుంటాయా అక్కడ?" అని అడిగింది. పులులు లేవు. ఎర్రమట్టి కొండలు, ఇటుక గోడల బడి, రేకుల కప్పు, జూన్ నెలలో ఎముకలు కొరికే చలి ఉన్నాయి. పొద్దున్నే లేచేసరికి కట్టెల పొగ వాసన, తడిసిన గడ్డి వాసన, పెద్ద డేగిసాలో ఉడికే మొక్కజొన్న జావ వాసన కలిసి వచ్చేవి. పిల్లలు ఇంటినుంచి తెచ్చుకున్న కప్పులు పట్టుకుని వరసలో నిలబడేవారు. జావ తాగాక ఆ కప్పునే వేలితో గీరి నాకి, గౌనుకు తుడిచి సంచీలో పెట్టుకునేవారు. బడి అరుగులకు వారానికోసారి పెద్దపిల్లలు ఎర్ర పాలిష్ రుద్దేవారు. ఆ వాసన నా చీర కుచ్చెళ్ళకు పట్టి ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు.

మధ్యాహ్నం న్సీమా, అంటే మొక్కజొన్న పిండి సంకటి. మొదటి వారం మింగుడు పడలేదు. తర్వాత దానిలోకి బెండకాయ, ఆకుకూర వండి పైన వేరుసెనగ పొడి చల్లుకోవడం నేర్చుకున్నాను. అమ్మ ఇచ్చిన పచ్చడి అయిపోయాక పుల్లగా ఉన్న ఏ ఆకు కనిపించినా కోసి రోట్లో నూరేదాన్ని. నా చీర చూసి ఆ ఊరి ఆడవాళ్ళు కొంగు పట్టుకుని పొడవు కొలిచి నవ్వేవారు. వాళ్ళు నడుముకు చుట్టుకునే రంగుల గుడ్డను చితెంజే అంటారు. పిల్లను వీపుకు కట్టుకోవడానికీ, నెత్తిమీద బరువుకు చుట్టకుదురుగానూ, చలికి కప్పుకోవడానికీ అదే. "నీ చితెంజేతో ముగ్గురు పిల్లల్ని మోయొచ్చు," అని ఒకావిడ అంటే అందరూ విరగబడి నవ్వారు. నాకు అర్థమైన మొదటి చిచేవా హాస్యం అది.

సిస్టర్ కొలంబా ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్. అప్పుడావిడకు నలభై దాటి ఉంటాయి. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. బురదలో దిగబడ్డ పికప్ బండిని మగవాళ్ళతో సమంగా భుజం పెట్టి తోసేది. ముఖం నిండా మచ్చలు, ఎడమచేతి చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు గేటు సందున పడిందట. వానాకాలం వస్తే మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, పొద్దున్నే వరండాలోకి వచ్చి ఆకాశం కేసి చూసి, "అచ్చం మేయో వాన" అనేది తృప్తిగా. ఆదివారం మట్టి పొయ్యిలో సోడా రొట్టె కాల్చేది. అడుగు మాడేది. మాడిన ముక్క తనకు తీసుకుని మెత్తటిది నాకిచ్చేది. టీ నల్లగా, చిక్కగా, చెంచా నిలబడేట్టుండాలి. ఎవరికి జ్వరమొచ్చినా మంచం పక్క కుర్చీ వేసుకుని కూర్చునేది. నాకు మలేరియా వచ్చిన వారం రోజులూ తడిబట్ట వేసి నా పాదాలు తుడిచింది ఆవిడే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయేది విని ఆవిడ కఠినురాలనుకోవడం తేలిక. అలా కాదు.

ఆవిడ బడిలో ఒక నియమం ఉండేది. ఆవరణలో అడుగుపెట్టాక ఇంగ్లీషే మాట్లాడాలి. చిచేవా మాట నోట వచ్చిన పిల్ల మెడలో తాడు కట్టిన ఒక చెక్కముక్క వేసేవారు. ఆ పిల్ల ఇంకెవరైనా చిచేవాలో మాట్లాడుతుంటే పట్టుకుని, ఆ ముక్కను వాళ్ళ మెడలోకి మార్చాలి. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళు మిగతావాళ్ళు వెళ్ళాక గదులన్నీ ఊడవాలి. మొదటిసారి అది చూసినప్పుడు నా మెడే బరువెక్కింది. గుంటూరులో నేను చదివిన బడిలో, "అమ్మా" అని కేక పెట్టినందుకు నన్ను బల్ల మీద నిలబెట్టారు. తేలు కుట్టిందేమోనని భయపడి అరిచిన అరుపు అది.

ఒక సాయంత్రం వరండాలో టీ తాగుతుండగా ఆవిడతో పోట్లాటే పెట్టుకున్నాను. "పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు నిఘా పెడుతున్నారు సిస్టర్. ఆటల్లో కూడా గుసగుసలే. ఇది చదువెలా అవుతుంది?" అన్నాను.

ఆవిడ వెంటనే కోప్పడలేదు. టీ కప్పు అరుగు మీద పెట్టింది. "మా అమ్మకు పదిహేడేళ్ళు వచ్చేదాకా ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు రత్నా. ఐరిషే. మా తాతనైతే ఐరిష్ మాట్లాడినందుకు బడిలో కొట్టారు. మమ్మల్ని కన్నాక మా అమ్మ ఇంట్లో ఐరిష్ ఎత్తలేదు. రాని భాషలో, తప్పులతడక ఇంగ్లీషులో మమ్మల్ని పెంచింది. ఎందుకు? మేం పడవెక్కి పోయి బతకాలని. బతికాం. మా అన్నలు బర్మింగ్‌హామ్‌లో, అక్కలు బోస్టన్‌లో ఉన్నారు. ఐరిషే మాట్లాడుకుంటూ ఆ రాళ్ళమీదే ఉండిపోయిన వాళ్ళ సంగతి నాకు తెలుసు." నా ముఖంలోకి చూసింది. "నీకు ఇంగ్లీషు రాకపోతే నువ్విక్కడికి వచ్చేదానివా?"

నేను కప్పులు తీసుకుని లేచాను. ఆ ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది.

నా క్లాసులో తియమీకే అనే పిల్ల ఉండేది. పన్నెండు, పదమూడేళ్ళుంటాయి. కొండ దిగువ పల్లె నుంచి నడిచొచ్చేది. ఆ పిల్ల మెడలో చెక్కముక్క నేనెప్పుడూ చూడలేదు. బడి ఆవరణలో ఆమె నోరు తెరిచేదే కాదు మరి. చిచేవా మాట్లాడకూడదు, ఇంగ్లీషు రాదు. అందుకని మౌనం పట్టింది. పేరు పిలిస్తే చెయ్యెత్తేది. లెక్క ఇస్తే బోర్డు దగ్గరికి వచ్చి, సుద్దముక్క పట్టుకుని, తడుముకోకుండా చేసుకుపోయేది. భిన్నాలు చెప్పడానికి నేను మొక్కజొన్న కంకి గింజలు ఒలిచి పోగులు పెట్టేదాన్ని. నేను పోగులు పెట్టడం పూర్తయ్యేలోపలే ఆమె జవాబు రాసేసేది. బడి గేటు దాటాక మాత్రం వేరే పిల్ల. కొండ దిగుతూ వాళ్ళ గుంపులో అందరికంటే గట్టిగా వినిపించే నవ్వు ఆమెదే. "ఈ పిల్లకు తెలివుంది, పట్టుదల కూడా ఎక్కువ. ఒక రోజు ఆ మౌనాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది చూడు," అనేది సిస్టర్ కొలంబా. ఆ పిల్లంటే ఆవిడకు ఇష్టం. ఇష్టం కాబట్టే ఆమె చేత ఎలాగైనా ఇంగ్లీషులో మాట్లాడించాలని కూర్చుంది.

వానలు మొదలైన కాలం. ఒక రోజు తియమీకే బడికి రాలేదు. పదకొండో ఎంతో అయుంటుంది, నేను క్లాసులో ఉండగా కిటికీలోంచి ఆ పిల్ల పరుగున రావడం కనిపించింది. కాళ్ళు మోకాళ్ళదాకా బురద. నేరుగా ఆఫీసు గదికి వెళ్ళి గడప దగ్గర నిలబడింది. ఆలస్యంగా వచ్చిన పిల్లలు అక్కడికి వెళ్ళి కారణం చెప్పుకోవడం రివాజు. ఆమె గొంతు నాకు వినిపించలేదు. చేతులు కదలడం మాత్రం కనిపించింది. తర్వాత ఆ చేతులు కిందికి వాలాయి. కాస్సేపు అలాగే నిలబడి, వెనక్కి తిరిగి, వచ్చినదానికంటే వేగంగా కొండ దిగి వెళ్ళిపోయింది. ఆఫీసు ముందు మామిడి చెట్టు కింద పికప్ బండి నిలబడి ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అదొక్కటే బండి.

మర్నాడు పొద్దున దిగువ పల్లె నుంచి డప్పు వినిపించింది. అక్కడ చావు కబురు డప్పుతోనే తెలుస్తుంది. తియమీకే తల్లి. నెలలు నిండిన మనిషి. బిడ్డ పుట్టింది గాని నెత్తురు ఆగలేదు. పల్లెవాళ్ళు ఆమెను సైకిలు మీద కూర్చోబెట్టి, అటొకరు ఇటొకరు పట్టుకుని, చాలా దూరంలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి బయల్దేరారు. సగం దారిలోనే పోయింది.

సిస్టర్ కొలంబా ఆ కబురు విని ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మధ్యాహ్నం నేను టీ తీసుకుని వెళితే బల్ల ముందు ఊరికే కూర్చుని ఉంది. "గడపలో నిలబడి చిచేవాలో ఏదో గబగబా మొదలుపెట్టింది రత్నా. నాకు ఆ భాషలో దణ్ణాలూ దీవెనలూ తప్ప ఏం వచ్చు? ఇంటిదగ్గర పనుందని సెలవడగడానికి వచ్చిందనుకున్నాను. ఇన్నాళ్ళకి దొరికింది, ఇప్పుడు మాట్లాడిస్తానని... 'ఇంగ్లీషులో చెప్పు తియమీకే, తొందరేం లేదు, నేను ఆగుతాను' అన్నాను." నేను తెచ్చిన టీ కప్పును పక్కకు జరిపింది. తర్వాత మెల్లిగా అంది, "నవ్వుతూ అన్నాను."

బండి వెళ్ళుంటే తల్లి బతికేదా అని సిస్టర్ ఆరోగ్య కేంద్రంలో ఉన్న మెడికల్ అసిస్టెంటుని అడిగిందట. చెప్పలేమన్నాడు. ఆ వానలో ఆ బురద దారిలో బండీ దిగబడి ఉండొచ్చన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. కాని 'చెప్పలేం' అన్నది మనిషిని జీవితాంతం తొలిచే మాట అని నాకు ఆ తర్వాత తెలిసింది.

పరామర్శకు మేమిద్దరం వెళ్ళాం. ఇంటిముందు చాపల మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎవరూ మమ్మల్ని చూసి ముఖం తిప్పుకోలేదు, ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. జరిగి చోటిచ్చారు. సిస్టర్ బూట్లు విప్పి మట్టి మీద కూర్చోబోయింది. అప్పుడు తియమీకే ఇంట్లోంచి వచ్చింది. వీపున, తల్లి చితెంజేలో, పుట్టి రెండు రోజులైనా కాని చెల్లెలు. చేతిలో మంచినీళ్ళ చెంబు. సిస్టర్ ముందు మోకాళ్ళ మీద వంగి, వాళ్ళ మర్యాద ప్రకారం రెండు చేతులతో నీళ్ళందించి, చక్కటి ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడివిడిగా అంది: "మీకు స్వాగతం సిస్టర్. దయచేసి కూర్చోండి."

ఆ పిల్ల నోట నేను విన్న మొదటి ఇంగ్లీషు మాటలు అవే. మా రీడరులో 'అతిథి వచ్చాడు' అనే పాఠంలో అక్షరం పొల్లుపోకుండా ఉన్న వాక్యాలు అవి. అతిథిని ఎలా ఆహ్వానించాలో ఆ పుస్తకంలో ఉంది. అమ్మకు నెత్తురు పోతోంది, బండి పంపండి అని ఎలా చెప్పాలో లేదు. ఆ పిల్ల ఎత్తిపొడుపుగా అనలేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఆ మనిషి కోరిన భాషలో మర్యాద చేసింది, అంతే. సిస్టర్ కొలంబా నీళ్ళు తాగలేకపోయింది. చెంబు రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది. 

సోమవారం ప్రార్థనలో సిస్టర్ ఏమీ ప్రకటించలేదు. చెక్కముక్క మాత్రం మళ్ళీ ఎవరి మెడలోనూ కనిపించలేదు. పిల్లలు కొన్నాళ్ళు నమ్మలేక గుసగుసగానే మాట్లాడుకున్నారు. తర్వాత ఒకరోజు మైదానంలో ఒకేసారి గోల మొదలైంది. ఆ గోలలో ఆవిడ వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉండటం చూశాను. ఆ నెల నుంచీ ఆవిడ బడి అవగానే వంటమనిషి ఇంటి ముందుకు వెళ్ళి, మొక్కజొన్న ఒలిచే ఆడవాళ్ళ మధ్య కూర్చుని చిచేవా నేర్చుకోవడం మొదలుపెట్టింది. నలభై దాటాక కొత్త భాషకు నాలుక తిరగడం ఎంత కష్టమో! ఆవిడ ఒకటి అనబోతే ఇంకొకటి అయ్యేది. చిన్నపిల్లలు సైతం పగలబడి నవ్వేవారు. నవ్వనిచ్చేది. పాలపొడి డబ్బాలు తీసుకుని వారం వారం తియమీకే ఇంటికి వెళ్ళేది. చెల్లెల్ని వీపున కట్టుకునే బడికి రమ్మని వచ్చీరాని చిచేవాలో బతిమాలింది. తియమీకే వినేది, పాలపొడి తీసుకునేది, దండం పెట్టేది, తల అడ్డంగా ఊపేది. నేను తిరిగొచ్చేసే నాటికి ఆ పసిది పాకుతోంది. కొన్నాళ్ళకు వాళ్ళ నాన్న తేయాకు తోటల్లో పని దొరికిందని అందర్నీ తీసుకుని వెళ్ళిపోయాడని సిస్టర్ ఉత్తరం రాసింది. ఎటు వెళ్ళారో ఎవరికీ సరిగ్గా తెలియదు.

నర్సింగ్ హోమ్‌లో నేను చూసిన మనిషి ఆ ఒడ్డూ పొడుగులో సగం లేదు. శాలువా చుట్టిన చిన్న మూటలా ఉంది. చిటికెనవేలు చూసి గుర్తుపట్టాను. ముందు వంగి "మ్వజూకా బ్వాంజి, సిస్టర్" అన్నాను. పొద్దుటి పలకరింపు అది, మధ్యాహ్నం దాటినా నోటికి అదే వచ్చింది. ఆవిడ కళ్ళు చటుక్కున వెలిగాయి. నన్ను గుర్తుపట్టలేదు. కాని నా చెయ్యి దొరకబుచ్చుకుని ముందుకు వంగి, "లంకూలా, మ్వానా వంగా. న్డికూమ్వా," అంది. మళ్ళీ మళ్ళీ అదే అంది. పక్కనున్న సౌజన్య, "ఇదే ఆంటీ, రోజు ఇదే. ఏమంటుంది?" అని అడిగింది.

"మాట్లాడు తల్లీ, నాకు వినబడుతోంది అంటోంది," అన్నాను. చిచేవాలో వినబడటానికీ అర్థమవటానికీ ఒకటే మాట.

మతిమరుపు జబ్బు ముదిరాక మఠంవాళ్ళు ఆవిడను వెనక్కి తీసుకొచ్చారట, ముందు ఇంగ్లీషు పోయిందట. అక్కడి డాక్టరు అదేమంత వింత కాదన్నాడట. తల్లి ఇంట్లో ఎత్తకుండా దాచిపెట్టిన ఐరిష్ ఆవిడకు ఎప్పుడూ లేదు. మిగిలింది మొక్కజొన్న ఒలుస్తూ నేర్చుకున్న ఈ భాష ఒక్కటే. మాట్లాడుతూ మాట్లాడుతూ హఠాత్తుగా కిటికీ బయటికి చూసి ఆవిడ కంగారుపడటం మొదలుపెట్టింది. "అమాయీ ఆకే... గలిమోటో... తియ్యే, తియ్యే!" అంటూ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. సౌజన్య పరుగున వచ్చి భుజాలు పట్టుకుంది. వాళ్ళమ్మ, బండి, పోదాం పద. ఆవిడ ఎక్కడికి వెళ్ళాలనుకుంటోందో ఆ భవనంలో నాకొక్కదానికే తెలుసు.

హోమ్ చూసుకునే మొరీన్‌కు, సౌజన్య కూడా వింటుండగా, అదంతా చెప్పాను. ఆవిడ విని సిస్టర్ ఫైలు తెరిచింది. "పొద్దుటిపూట గ్రాండ్‌గా ఉంటుంది. సాయంత్రాలే ఇలా. మత్తుమందు పెంచమంటున్నాడు జీపీ డాక్టరు," అంది. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే అని. బయటికి వస్తుంటే సౌజన్య నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మీరే ఆ పిల్లనని చెప్పరాదు? మా అమ్మ బాగనే ఉన్నది, నేను మిమ్మల్ని మాఫ్ చేసిన అనుండ్రి. పాపం, నిమ్మలంగ పండుకుంటది."

"నేనెవర్నే మాఫ్ చెయ్యడానికి?" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "అది ఆ పిల్ల ఇవ్వాల్సింది. ఇస్తుందో ఇవ్వదో నాకు తెలీదు. లేనిది తెచ్చి ఆ చేతిలో పెట్టలేను."

సౌజన్య కాసేపు పార్కింగులో తన కారు తాళాలు తిప్పుతూ నిలబడింది. తర్వాత ఎటో చూస్తూ, "మా పాప క్రెష్‌ల మాట్లాడ్తలేదని, ఇంట్ల గూడ ఇంగ్లీషే మాట్లాడుండ్రి అన్నరు ఆంటీ. గందుకే తెలుగు బంద్ చేసినం," అంది. నేను సిస్టర్ కొలంబా వాదన మొత్తం మనసులో నెమరేసుకున్నాను. పడవెక్కి వచ్చినవాళ్ళం మేమూ. వద్దంటే ఈ అమ్మాయి కూడా, ఇంగ్లీషు రాకపోతే మీరిక్కడికి వచ్చేవారా అని నన్ను అదే ప్రశ్న అడుగుతుంది. "పాపకు కడుపునొప్పొస్తే నీతో ఏ భాషలో చెబుతుంది?" అన్నాను.  సౌజన్య కారెక్కి కూడా చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు.

ఆ సాయంత్రం డబ్లిన్‌లో ఉన్న మా కీర్తికి ఫోన్ చేశాను. అది బోమాంట్ ఆసుపత్రిలో పని చేస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నేను తెలుగులో చెబుతాను, అది మేయో యాసలో ఇంగ్లీషులో బదులిస్తుంది. మా మధ్య ఎప్పుడూ అంతే. ఇదంతా చెప్పి, "రేపు నాకూ ఇలా ఇంగ్లీషు పోతే ఎలాగే?" అన్నాను. "మామ్, ఐ అండర్‌స్టాండ్ ఎవ్రీ వర్డ్ యూ సే. ఇట్ జస్ట్ కమ్స్ అవుట్ ఇన్ ఇంగ్లిష్, లైక్," అంది నొచ్చుకుంటూ. దానికి అర్థమవుతుందని నాకు తెలుసు. ఆ రోజుల్లో ఆ కొండమీద పిల్లలకు వాళ్ళ భాష ఇంట్లో పదిలంగా ఉండేది. దాన్ని బడి గేటు దగ్గర వదిలి, సాయంత్రం మళ్ళీ తీసుకునేవారు. మా పిల్లల మెడలో ఎవరూ ఏమీ వెయ్యలేదు. వాళ్ళనెవరూ కొట్టలేదు, గదులు ఊడవమనలేదు. అయినా గేటు ఇవతల తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏది ఎక్కువ నష్టమో తేల్చుకోలేక ఫోన్ పెట్టేశాను.

తర్వాతి వారం మొరీన్‌ని ఒక మాట అడిగాను. ఆవిడ సిస్టర్ల మఠానికి ఫోన్ చేసి అనుమతి తీసుకుంది. సౌజన్య తోడు రావాలని షరతు పెట్టింది. మధ్యాహ్నం మూడు దాటాక, సిస్టర్ కొలంబా కంగారు మొదలయ్యే వేళకు, నేను నా కారును తలుపు దగ్గరికి తెచ్చి పెట్టాను. లోపలికి వెళితే ఆవిడ అప్పటికే కుర్చీ చేతులు పట్టుకుని లేవడానికి పెనుగులాడుతోంది. "తియ్యే," అంటోంది.

"తియ్యే, సిస్టర్," అన్నాను నేను.

ఆవిడ పెనుగులాట ఆగిపోయింది. నా ముఖంలోకి అలాగే చూసింది. చక్రాల కుర్చీలో కారు దాకా తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాం. సౌజన్య వెనక కూర్చుంది. చినుకులు పడుతున్నాయి. ఊరి పక్క సరస్సు దాటి, రెండువైపులా రాతి గోడలున్న సన్నటి దారిలోకి మళ్ళించాను. ఆవిడ వీపు సీటుకు ఆనించలేదు. మెడ ముందుకు చాచి, వైపర్ల వెనక నుంచి దారిని చూస్తోంది. "మ్సాంగా," అంది ఒకసారి. త్వరగా అని. వేగం కొద్దిగా పెంచాను. గొర్రెల మంద అడ్డమొస్తే ఆగాల్సి వచ్చినప్పుడు ఆవిడ చెయ్యి డాష్‌బోర్డు మీద తట్టడం మొదలుపెట్టింది. మళ్ళీ కదలగానే ఆ చెయ్యి ఒళ్ళోకి వచ్చి మెల్లిగా స్థిమితపడింది. దారి పక్క ప్రతి ఇంటినీ తల తిప్పి తిప్పి చూసింది. ఆవిడ శ్వాస నిదానించడం నాకు వినబడింది. అద్దంలో చూస్తే సౌజన్య కళ్ళు తుడుచుకుంటోంది.

కొండ ఎక్కి దిగాక ఆవిడ నా వైపు తిరిగింది. "తఫీకా?" అని అడిగింది. వచ్చేశామా అని.

వచ్చేశామని చెప్పడం నాకు చిచేవాలో వచ్చు. రాలేదని చెప్పడమూ వచ్చు. వచ్చేశామంటే బండి ఆపాలి, దిగాలి, తియమీకే ఇంటి గడప చూపించాలి. రాలేదంటే ఆ కళ్ళలోకి మళ్ళీ ఆ కంగారు తేవాలి. ఏ మాటా నా నోట రాలేదు. వచ్చింది తెలుగు.

"వెళ్తున్నాం సిస్టర్. ఎక్కడా ఆగలేదు. వెళ్తూనే ఉన్నాం."

ఆవిడ ఒక్క క్షణం ఆ మాటల్ని వింది. "ఏయా," అంది. సరే అని. వీపు వెనక్కి ఆనించి, చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. నర్సింగ్ హోమ్‌కు తిరిగే మలుపు వచ్చింది. వెనక నుంచి సౌజన్య, "ఆంటీ, ఇక్కడ," అంది. నేను బండి తిప్పలేదు. ఆ వానలో నేరుగా ఇంకొంత దూరం పోనిచ్చాను.